అమెరికాలో ఏ ఊరు ఎంత సేఫ్? నేరాల లెక్కల్ని సరిగ్గా పోల్చడం ఎలా

ప్రతి ఏడాదీ మే, జూన్ వచ్చేసరికి నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నయ్యా, మా వాడికి సెయింట్ లూయిస్‌లో సీటొచ్చింది. నెట్‌లో చూస్తే అమెరికా మొత్తంలో అదే డేంజర్ సిటీ అంటున్నారు. పంపమంటావా?" ఇంకొకరు చికాగో, మరొకరు మెంఫిస్. ఉద్యోగం మారేవాళ్లు డాలస్, హ్యూస్టన్‌లలో ఏది నయమని అడుగుతారు. నేను మిస్సోరిలో ఉంటాను, పగలంతా ఎక్సెల్ షీట్ల మధ్యే నా బతుకు. అందుకే అందరూ నన్నే పట్టుకుంటారు కాబోలు.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, నేను లెక్క ఎలా వేస్తానో మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను. "టాప్ 10 ప్రమాదకర నగరాలు" అనే జాబితాలు మాత్రం నన్ను అడగొద్దు. అవి చూసి నిర్ణయం తీసుకోవద్దని ఎఫ్‌బీఐ తన లెక్కలతో పాటే హెచ్చరిక పెడుతుంది. అమెరికా నేరశాస్త్రజ్ఞుల సంఘమైతే 2007లో అలాంటి ర్యాంకింగ్‌లను తప్పుబడుతూ తీర్మానమే చేసింది. ర్యాంకు ఇవ్వడం వేరు, రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూసుకోవడం వేరు. రెండోది ఓపికుంటే ఎవరైనా చేయొచ్చు.

కావలసినవి

- కంప్యూటర్, ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్. ఫోన్‌లో చేయొద్దు, పట్టికలు వెడల్పుగా ఉంటాయి, కాలమ్‌లు కలిసిపోతాయి.
- ఎఫ్‌బీఐ క్రైమ్ డేటా ఎక్స్‌ప్లోరర్ సైట్. ఉచితం, లాగిన్ అక్కర్లేదు.
- అమెరికా సెన్సస్ బ్యూరో వాళ్ల జనాభా అంచనాలు. అవీ ఉచితమే.
- మీరు చూస్తున్న నగరాల పోలీసు శాఖ సైట్లు.
- రెండు గంటల తీరిక. మొదటిసారి మూడు పట్టొచ్చు.

డబ్బు కట్టి రిపోర్టు కొనాల్సిన పని లేదు. అమ్మే సైట్లు చాలావరకు ఈ లెక్కలనే తీసుకుని, రంగులు పూసి ఇస్తాయి.

1. ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి

"సేఫేనా?" అన్నది లెక్కకు అందే ప్రశ్న కాదు. దేని గురించి భయపడుతున్నారో ముందు కాగితం మీద రాసుకోండి. ఎఫ్‌బీఐ లెక్కలో హింసాత్మక నేరాలు అంటే నాలుగే: హత్య, అత్యాచారం, దోపిడీ, తీవ్రమైన దాడి. కారు అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకుపోవడం, కారే ఎత్తుకుపోవడం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తాళం పగలగొట్టడం వీటిలోకి రావు. అవి ఆస్తి నేరాలు, వాటికి వేరే కాలమ్ ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో కారు అద్దాలు పగిలిన వీడియోలు చూసి "అక్కడ హింస ఎక్కువ" అనేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

దొంగతనానికీ దోపిడీకీ తేడా కూడా గుర్తుంచుకోండి. మనిషిని బెదిరించో కొట్టో లాక్కుంటే దోపిడీ, మనిషి ప్రమేయం లేకుండా పోతే దొంగతనం. మన పిల్లల్లో గ్యాస్ స్టేషన్లలో, చిన్న స్టోర్లలో రాత్రి షిఫ్టులు చేసేవాళ్లున్నారు. అలాంటి చోట్ల జరిగిన దోపిడీల్లో తెలుగు విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మనందరం చదివాం. కాబట్టి పిల్లల కోసం చూసేవాళ్లు హత్యల కాలమ్ ఒక్కటే చూసి ఆగకండి, దోపిడీల కాలమ్ కూడా విడిగా చూడండి.

2. సరైన పట్టిక దించుకోండి

క్రైమ్ డేటా ఎక్స్‌ప్లోరర్‌లో డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్‌ల విభాగంలోకి వెళ్లండి. వార్షిక నివేదికల్లో "పోలీసులకు తెలిసిన నేరాలు" అనే సెట్ ఉంటుంది. అందులో మీకు పనికొచ్చేవి మూడు. 8వ పట్టికలో నగరాలుంటాయి. 6వ పట్టికలో మెట్రో ప్రాంతాలు, అంటే నగరంతో పాటు చుట్టూ ఉన్న శివార్లన్నీ కలిపి. 9వ పట్టికలో యూనివర్సిటీలు.

8వ పట్టికలో రేటు ఉండదు, జనాభా, నేరాల సంఖ్య మాత్రమే ఉంటాయి. రేటు మీరే కట్టుకోవాలి.

ఇక్కడ చిన్న తలనొప్పి ఉంది. ఆ ఎక్సెల్ ఫైళ్లలో ఫుట్‌నోట్ నంబర్లు ఊరి పేరుకు అతుక్కుపోయి వస్తాయి. ఊరి పేరు చివర 3 అనో 4 అనో ఉంటే అది పేరులో భాగం కాదు, కింద ఏదో హెచ్చరిక ఉందని అర్థం. వీలుకప్ (పేరును బట్టి వరుసను వెతికిపెట్టే ఎక్సెల్ ఫార్ములా) పెడితే ఆ ఒక్క అంకె వల్లే ఊరు దొరకదు. పేర్లు శుభ్రం చేసుకునే ముందు ఆ హెచ్చరిక చదవండి. చాలామంది అంకె తీసేసి, కింద నోటు చూడకుండానే ముందుకెళ్తారు. అసలు సంగతి తరచుగా ఆ నోట్‌లోనే ఉంటుంది.

3. రేటు కట్టండి

ఇది మనకు అమెరికావాళ్ల కంటే తేలిక. వాళ్లు లక్ష మందికి ఎన్ని అన్న లెక్కలో చెబుతారు. మన జాతీయ నేర రికార్డుల బ్యూరో కూడా లక్షకే చెబుతుంది. నేరాల సంఖ్యను జనాభాతో భాగించి, లక్షతో గుణించండి. అంతే.

చేసి చూపిస్తాను. రెండూ మా మిస్సోరి ఊళ్లే, 2023 హత్యలు, పోలీసు శాఖలు చెప్పిన సంఖ్యలు.

కాన్సస్ సిటీ: 182 హత్యలు. ఆ ఊరి చరిత్రలో అదే ఎక్కువ. 2020 సెన్సస్ జనాభా 5,08,090. లక్షకు 35.8.

సెయింట్ లూయిస్: 158 హత్యలు. 2020 జనాభా 3,01,578. లక్షకు 52.4.

సంఖ్య చూస్తే కాన్సస్ సిటీ ముందుంది, రేటు చూస్తే సెయింట్ లూయిస్. టీవీలో "ఈ ఊళ్లో ఇన్ని హత్యలు" అని సంఖ్య చెప్పి వదిలేస్తే అది సగం సమాచారమే. 2024లో చికాగోలో 573 హత్యలు, బాల్టిమోర్‌లో 201. వార్తల్లో ఎప్పుడూ చికాగోనే ఉంటుంది. జనాభాతో భాగిస్తే చికాగో లక్షకు సుమారు 21, బాల్టిమోర్ సుమారు 34. అదే ఏడాది న్యూయార్క్‌లో 377 హత్యలు. 80 లక్షలు దాటిన జనాభా కాబట్టి లక్షకు నాలుగున్నర లోపే. దేశ సగటు 5. మా పిన్ని ఇప్పటికీ నమ్మదు, న్యూయార్క్ అంటే ఆవిడకు పాత సినిమాల్లో చూసిన చీకటి సందులే. 1990లో ఆ ఊళ్లో 2,200 పైగా హత్యలు జరిగిన మాట నిజమే. ఆవిడ భయం అక్కడే ఆగిపోయింది.

సెయింట్ లూయిస్ లెక్కకు మళ్లీ వద్దాం. నేను 2020 జనాభా వాడాను. కానీ ఆ ఊరు ఏటా తగ్గుతోంది. 2023కి సెన్సస్ అంచనా సుమారు 2,82,000. దానితో భాగిస్తే 52 కాస్తా 56 అవుతుంది. హత్యలు మారలేదు, కింద ఉన్న సంఖ్య మారింది. కాబట్టి ఏ ఏడాది నేరాలో ఆ ఏడాది జనాభానే వాడండి, పోల్చే రెండు ఊళ్లకూ ఒకే చోటి నుంచి తీసుకోండి. ఒకదానికి సెన్సస్, ఇంకొకదానికి వికీపీడియా అంటే కుదరదు.

హెచ్చరిక: కొన్ని సైట్లు లక్షకు కాకుండా వెయ్యికి లెక్క ఇస్తాయి. "ఇక్కడ 8, అక్కడ 420" అని ఒకాయన బెంబేలెత్తి రాశాడు. 8 అన్నది వెయ్యికి. లక్షకు మారిస్తే 800. ఆయన పారిపోవాలనుకున్న ఊరే నయం.

4. హద్దులు చూడండి. ఎక్కువ మంది ఇక్కడే బోల్తా పడతారు

అన్నిటికంటే ఎక్కువసేపు ఈ మెట్టు మీద గడపండి. మిగతా తప్పులు లెక్కను కొంచెం పక్కకు జరుపుతాయి. ఇది తలకిందులు చేస్తుంది.

అమెరికాలో "నగరం" అంటే అందరికీ ఒకేలాంటి వస్తువు కాదు. సెయింట్ లూయిస్ 1876లో తన కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి విడిపోయింది, హద్దులు అప్పటి నుంచి అక్కడే గడ్డకట్టాయి. మొత్తం నేల 62 చదరపు మైళ్లు. 1950లో అంతే చోటులో 8,56,000 మంది పైన ఉండేవారు. తర్వాత ఉన్నవాళ్లు శివార్లకు పోయారు, ఆ శివార్లు లెక్కలో వేరే ఊళ్లు. మెట్రో ప్రాంతం మొత్తం 28 లక్షల దాకా ఉంటే, నగరం అని పేరున్న ముక్కలో అందులో పదో వంతు మందే ఉన్నారు. పేదరికం, ఖాళీ ఇళ్లు, తుపాకులు ఉన్న పేటలు ఆ ముక్కలోనే ఎక్కువ పడ్డాయి. డౌన్‌టౌన్‌లో పగలు పనికొచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్ల మీద జరిగే నేరాలు పైన కలుస్తాయి, వాళ్ల తలలు మాత్రం కింద జనాభాలో కలవవు.

కాన్సస్ సిటీ దీనికి పూర్తిగా వేరు. పక్క ఊళ్లను కలుపుకుంటూ పోయి నాలుగు కౌంటీల్లోకి విస్తరించింది, 300 చదరపు మైళ్లు దాటింది. ఉత్తరం వైపు వెళ్తే కొత్త ఇళ్లు, స్కూళ్లు, పచ్చిక మైదానాలు, చూడటానికి అచ్చం శివారే. కానీ నగర హద్దుల్లోనే ఉంది కాబట్టి ఆ జనమంతా భాగహారంలో కిందికి చేరి రేటును తగ్గిస్తారు. ఫ్లారిడాలోని జాక్సన్‌విల్ అయితే 1968లో కౌంటీతోనే కలిసిపోయింది, నేల 747 చదరపు మైళ్లు. సెయింట్ లూయిస్ లాంటివి పన్నెండు అందులో పడతాయి.

మన లెక్కలో చెప్పాలంటే, ఒకరు పాతబస్తీ వరకే హైదరాబాద్ అని లెక్క కట్టి, ఇంకొకరు ఔటర్ రింగ్ రోడ్డు దాకా అంతా హైదరాబాదే అని లెక్క కట్టి, రెంటినీ పోల్చినట్టు.

ఏం చేయాలి? 8వ పట్టికతో పాటు 6వ పట్టిక కూడా తీసి, మెట్రో రేటు పక్కన రాయండి. అందులో లక్షకు రేటు కట్టే ఉంటుంది. రెండు ఊళ్ల మధ్య నగర లెక్కలో పెద్ద తేడా ఉండి, మెట్రో లెక్కలో దగ్గరగా వస్తే, మీరు చూసిన తేడాలో చాలా భాగం హద్దుల గీతే. రెండు లెక్కల్లోనూ ఒకే ఊరు ఎక్కువగా ఉంటే అప్పుడు నమ్మండి.

ఇక నేను చేసిన తప్పు. లాస్ వేగస్‌లో పోలీసు శాఖ ఒక్క నగరానికే కాదు, చుట్టూ కౌంటీలో ఉన్న పెద్ద ప్రాంతానికీ అదే. 1973 నుంచి అంతే. హోటళ్లు, కేసినోలు ఉన్న ఆ ప్రసిద్ధ స్ట్రిప్ చాలావరకు అసలు లాస్ వేగస్ నగరంలోనే లేదు, హద్దు బయట ఉంది. ఆ శాఖ పరిధిలో సుమారు 16 లక్షల మంది ఉంటే, నగర జనాభా 6,40,000 చిల్లర. నేను మొదటిసారి శాఖ చెప్పిన నేరాలను నగర జనాభాతో భాగించి, రేటు చూసి హడలిపోయి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. మా బావమరిది పెళ్లిరోజు ట్రిప్ మానుకునేదాకా వెళ్లింది. అసలు రేటు కంటే రెండున్నర రెట్లు ఎక్కువ చూపించాను. ఎఫ్‌బీఐ పట్టికలో ఆ వరుసలో "మెట్రోపాలిటన్ పోలీస్ డిపార్ట్‌మెంట్" అనే రాసి ఉంది, పక్కనే దాని జనాభా కూడా ఉంది. చూడలేదు, అంతే.

కాబట్టి నియమం: ఏ శాఖ నేరాలు తీసుకున్నారో, ఆ శాఖ పరిధి జనాభాతోనే భాగించండి. ఎఫ్‌బీఐ వరుసలో ఇచ్చిన జనాభా, సెన్సస్‌లో నగర జనాభా, ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. తేడా పది శాతం దాటితే ఆగి, ఆ శాఖ ఎక్కడెక్కడ పనిచేస్తుందో వెతకండి.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. నగరంలో జరిగిందంతా నగర పోలీసు లెక్కలోకి రాదు. చికాగో నగరం మధ్యలోంచి పోయే ఎక్స్‌ప్రెస్‌వేల మీద కాల్పులు జరిగితే రాష్ట్ర పోలీసులు చూస్తారు, వాళ్ల ఖాతాలో పడుతుంది. యూనివర్సిటీ పోలీసులకు వేరే ఖాతా. మొత్తం మీద ఇది చిన్న తేడాయే, కానీ క్యాంపస్ చుట్టూ చూసేవాళ్లకు చిన్నది కాదు.

5. హత్యలతో మొదలుపెట్టండి, మొత్తంతో కాదు

మొత్తం హింసాత్మక నేరాల రేటు చూడగానే సమగ్రంగా ఉందనిపిస్తుంది. కానీ అందులో పదింట ఏడు వంతులు తీవ్ర దాడులే, హత్యలు నూటికి ఒకటో రెండో. ఏది తీవ్ర దాడి, ఏది మామూలు దాడి అన్నది కేసు రాసే పోలీసు చేతిలో ఉంటుంది. 2014లో లాస్ ఏంజలస్‌లో ఒక పత్రిక తవ్వి తీస్తే, ఒక్క ఏడాదిలో దాదాపు 1,200 హింసాత్మక నేరాలను చిన్న నేరాలుగా నమోదు చేసినట్టు తేలింది. పైగా హింసకు గురైనవాళ్లలో సగం కంటే తక్కువ మందే పోలీసుల దాకా వెళ్తారని అక్కడి జాతీయ బాధితుల సర్వే ఏటా చెబుతోంది. జనం పోలీసులను నమ్మి ఫోన్ చేసే ఊళ్లో రేటు పెరిగి కనిపిస్తుంది, నోరు మూసుకునే ఊళ్లో తగ్గి కనిపిస్తుంది.

శవాన్ని దాచడం కష్టం. అందుకే హత్యల లెక్క మిగతా అన్నిటికంటే గట్టిది. రెండో స్థానం దోపిడీలది. తీవ్ర దాడుల లెక్క వేర్వేరు రాష్ట్రాల ఊళ్ల మధ్య అంత నమ్మొద్దు. ఒకే ఊళ్లో ఏడాదికేడాది చూసుకోవడానికి పనికొస్తుంది.

చిన్న మెలికలు మూడు:

పోలీసు సైట్లలో "హోమిసైడ్" అని ఉంటే, ఆత్మరక్షణలో చంపినవి కూడా కొన్ని చోట్ల కలుపుతారు. ఎఫ్‌బీఐ హత్యల లెక్కలో అవి ఉండవు. కాబట్టి ఒక ఊరికి పోలీసు సంఖ్య, ఇంకో ఊరికి ఎఫ్‌బీఐ సంఖ్య వాడొద్దు.

అత్యాచారానికి నిర్వచనం 2013 నుంచి మారింది, విస్తృతమైంది. అంతకుముందు ఏళ్లతో పోల్చి "పెరిగిపోయింది" అనకండి. అప్పటి కొన్ని పట్టికల్లో పాత నిర్వచనం, కొత్త నిర్వచనం రెండు కాలమ్‌లు పక్కపక్కనే ఉంటాయి, తప్పు కాలమ్ పట్టుకోవడం చాలా తేలిక. చికాగోకైతే ఏళ్ల తరబడి ఆ గడి ఖాళీగా ఉండేది, రాష్ట్రం లెక్కించే పద్ధతి ఎఫ్‌బీఐకి సరిపడక. ఒక భాగం లేకపోతే మొత్తం హింసాత్మక నేరాల గడి కూడా ఖాళీయే. ఖాళీ అంటే సున్నా కాదు! ఎక్సెల్ దాన్ని సున్నాగానే తీసుకుంటుంది, మీరే కాపు కాయాలి.

మూడోది పాత ఏళ్లు చూసేవాళ్లకు. 1995 ఓక్లహోమా సిటీ బాంబు పేలుడులో చనిపోయిన 168 మంది ఆ ఏటి హత్యల లెక్కలో ఉన్నారు. 2001 సెప్టెంబరు 11 మృతులను మాత్రం ఎఫ్‌బీఐ మామూలు లెక్కలో కలపకుండా విడిగా చూపింది.

6. 2021ని పక్కన పెట్టండి

2021 జనవరి 1 నుంచి ఎఫ్‌బీఐ పాత పద్ధతి ఆపేసి, ప్రతి ఘటననూ వివరంగా పంపే కొత్త పద్ధతికి మారింది. చాలా శాఖలు సిద్ధంగా లేవు. న్యూయార్క్, లాస్ ఏంజలస్ లాంటి పెద్ద శాఖలే ఆ ఏడాది లెక్కలో లేవు, ఫ్లారిడా దాదాపు మొత్తం లేదు. మరుసటి ఏడాది నుంచి పాత పద్ధతిలో పంపినా తీసుకోవడం మొదలుపెట్టారు, పరిస్థితి కుదుటపడింది. 2021 కావాలంటే ఆ నగర పోలీసు శాఖ సొంత నివేదికలోంచి తీసుకోండి, రెండు ఊళ్లకూ అలాగే.

పద్ధతి మారడం వల్ల ఇంకో తేడా ఉంది. పాత పద్ధతిలో ఒకే ఘటనలో దోపిడీ, హత్య రెండూ జరిగితే పెద్దది మాత్రమే లెక్కకొచ్చేది. మన దగ్గర ఎఫ్ఐఆర్‌లో ఎన్ని సెక్షన్లున్నా ప్రధాన నేరం ఒక్కటే జాతీయ లెక్కకు ఎక్కినట్టు. కొత్త పద్ధతిలో అన్నీ నమోదవుతాయి. శాఖ ఈ పద్ధతికి ఎప్పుడు మారిందో తెలియకపోతే, ఏడాదిలో వచ్చిన చిన్న పెరుగుదలను పట్టించుకోకండి.

7. ఒక్క ఏడాది చాలదు

సెయింట్ లూయిస్‌లో 2020లో 263 హత్యలు. లక్షకు 87. నెట్‌లో మీకు కనిపించే భయంకరమైన సంఖ్య అదే, ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. తర్వాత రెండేళ్లు సుమారు 200 చొప్పున, 2023లో 158, 2024లో 150. అయిదేళ్ల సగటు 194 దగ్గర. 2020 ఒక్కటే చూసినవాడు ఒక మాట చెబుతాడు, 2024 ఒక్కటే చూసినవాడు ఇంకో మాట. మూడేళ్లు కనీసం, అయిదైతే మంచిది. సగటుతో పాటు దిశ కూడా రాసుకోండి, పెరుగుతోందా, తగ్గుతోందా అని.

చిన్న ఊళ్లకు ఇది ఇంకా ముఖ్యం. లాస్ ఏంజలస్ పక్కన వెర్నన్ అనే ఊరుంది, అన్నీ ఫ్యాక్టరీలు, గోదాములు. 2020 సెన్సస్‌లో జనాభా 222 మంది. పగలు వేలమంది పనికొస్తారు. అక్కడ ఏడాదిలో ఒక్క దోపిడీ జరిగితే లక్షకు రేటు 450! దేశం మొత్తం హింసాత్మక నేరాల రేటు 2024లో 359. ఆ ఒక్క దోపిడీతో వెర్నన్ "దేశ సగటును మించిన ప్రమాదకర నగరం" అయిపోతుంది. డబ్బు తీసుకుని జాబితాలు అల్లే సైట్లలో ఇలాంటివి మీకు కావలసినన్ని దొరుకుతాయి.

నేను వాడే ముతక చిట్కా ఒకటి ఇస్తాను. నేరాల సంఖ్యకు వర్గమూలం తీసి రెండుతో గుణించండి. ఊళ్లో నిజంగా ఏమీ మారకపోయినా ఆ మాత్రం అటూ ఇటూ ఊగొచ్చు. హత్యలు 16 ఉంటే వర్గమూలం 4, రెట్టింపు 8. అంటే వచ్చే ఏడాది 8 అయినా 24 అయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అలాంటి చోట "హత్యలు 50 శాతం పెరిగాయి" అన్న హెడ్డింగ్ చదివి టెన్షన్ పడకండి. 158 ఉన్న చోట ఊగేది 25 దాకా. సంఖ్య 10 లోపు ఉండే శివారు ఊళ్లకు హత్యల రేటు కట్టడమే మానేయండి, దోపిడీలు అయిదేళ్లవి కలిపి చూడండి.

8. ఊరి నుంచి వీధికి దిగండి

ఇంతవరకూ చేశాక కూడా మీకు తెలిసింది ఊరి సగటు మాత్రమే. మీ అబ్బాయి సగటులో అద్దెకుండడు, ఒక వీధిలో ఉంటాడు. పెద్ద నగరాల్లో సుమారు 5 శాతం వీధి ముక్కల్లోనే సగం నేరాలు జరుగుతాయని పరిశోధకులు ఒక ఊరి తర్వాత ఇంకో ఊళ్లో చూపించారు. అందుకే "చికాగోలో ఉంటున్నాం, ఎప్పుడూ ఏమీ చూడలేదు" అనేవాళ్లూ అబద్ధం చెప్పడం లేదు, భయపడేవాళ్లూ అబద్ధం చెప్పడం లేదు.

చికాగో తన డేటా పోర్టల్‌లో 2001 నుంచి ప్రతి కేసూ పెడుతోంది: తేదీ, సమయం, నేరం, ఏ బ్లాకు. ఊరంతా 77 ప్రాంతాలుగా విడిపోయి ఉంటుంది. చాలా పెద్ద నగరాలకు ఇలాంటి మ్యాపు ఏదో ఒకటి ఉంది. చేయాల్సింది ఇది: అద్దెకు చూస్తున్న అపార్ట్‌మెంట్ అడ్రసు పెట్టండి, చుట్టూ అర మైలు గీయండి, గత 12 నెలలు పెట్టండి, దోపిడీలు మాత్రం ఉంచి మిగతావి తీసేయండి. తర్వాత సమయం కాలమ్‌ను వరుసలో పెట్టండి. నాకైతే ఈ కాలమ్ అన్ని ర్యాంకింగ్‌ల కంటే ఎక్కువ ఉపయోగపడింది. మా తమ్ముడి వరస కుర్రాడికి ఇల్లు చూసినప్పుడు, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య దూరం నడిస్తే పది నిమిషాలు. ఒకదాని దగ్గర దోపిడీలు చాలావరకు రాత్రి పది దాటాక రైలు స్టేషన్ మెట్ల దగ్గర. వాడి ల్యాబు పదిన్నరకు అయిపోతుంది. రెండోది నెలకు 85 డాలర్లు ఎక్కువ. అదే తీసుకున్నాం.

జాగ్రత్త: ఇంత చిన్న చోటికి రేటు కట్టకండి. ఆ అర మైల్లో ఎంతమంది నిద్రపోతారో, ఎంతమంది నడిచిపోతారో వేరు వేరు. సంఖ్యగానే ఉంచి, పక్క అర మైలుతో పోల్చండి.

విద్యార్థులకు ఇంకొకటి. జీన్ క్లెరీ అనే అమ్మాయి 1986లో తన హాస్టల్ గదిలోనే హత్యకు గురైంది. తల్లిదండ్రుల పోరాటం వల్ల 1990లో ఒక చట్టం వచ్చింది, 1998లో దానికి ఆమె పేరు పెట్టారు. దాదాపు ప్రతి కాలేజీ ఏటా అక్టోబరు 1 లోగా మూడేళ్ల నేరాల లెక్కను ప్రకటించాలి. కాలేజీ సైట్‌లో "వార్షిక భద్రతా నివేదిక" అని వెతకండి. అందులో ఉండేది క్యాంపస్, దానికి ఆనుకున్న రోడ్లు, బయట కాలేజీకి ఉన్న భవనాల లెక్క మాత్రమే. నాలుగు వీధుల అవతల ఉన్న మీ అబ్బాయి అపార్ట్‌మెంట్ అందులో లేదు. అది చూసి "సున్నా హత్యలు" అని మురిసిపోవద్దు.

మీ లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

- దేశం మొత్తం లెక్కను మీ షీట్‌లో ఒక వరుసగా పెట్టండి. 2024కి హత్యలు లక్షకు 5, మొత్తం హింసాత్మక నేరాలు 359 చుట్టూ రావాలి. అవే రాకపోతే మీ ఫార్ములాలో తప్పుంది.
- పెద్ద నగరానికి మొత్తం హింసాత్మక నేరాల రేటు 3,000 దాటితే జనాభా తప్పు తీసుకున్నారేమో చూడండి. చాలా ఎక్కువగా ఉండే మెంఫిస్‌లోనే ఇటీవల 2,000 దాటి ఉంటోంది. 50 కంటే తగ్గితే ఏదో కాలమ్ ఖాళీగా ఉంది.
- హత్యలను మొత్తంతో భాగించండి. నూటికి ఒకటీ రెండు దగ్గర రావాలి. నాలుగూ అయిదూ వస్తే ఆ ఊళ్లో తీవ్ర దాడులు తక్కువగా నమోదవుతున్నాయని అనుమానించండి.
- సెయింట్ లూయిస్, బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, డెన్వర్ లాంటి చోట్ల నగరమే కౌంటీ హోదాలో ఉంటుంది. అక్కడ సీడీసీ (అమెరికా ప్రజారోగ్య సంస్థ) వాళ్ల మరణ ధ్రువపత్రాల లెక్కతో హత్యల సంఖ్య సరిచూసుకోవచ్చు. అచ్చంగా కలవదు, ఎందుకంటే అది చనిపోయినవాళ్ల నివాసాన్ని బట్టి లెక్క కడుతుంది. కానీ దగ్గరగా ఉండాలి.
- "క్రైమ్ ఇండెక్స్" పేరుతో 0 నుంచి 100 దాకా మార్కులిచ్చే సైట్లతో సరిచూసుకోకండి. అందులో కొన్ని, నెట్‌లో జనం నింపిన అభిప్రాయాల మీద కట్టినవి. హైదరాబాద్‌నీ డాలస్‌నీ ఒకే స్కేలు మీద పెట్టేవి కూడా అవే. హింసాత్మక నేరం అంటే మన నేర రికార్డుల బ్యూరో లెక్క వేరు, ఎఫ్‌బీఐ లెక్క వేరు. ఆ రెంటినీ పోల్చే పని పెట్టుకోవద్దు.

ఫైలు సేవ్ చేసేటప్పుడు పేరులో డౌన్‌లోడ్ చేసిన తేదీ రాయండి. శాఖలు ఆలస్యంగా పంపిన కేసులు కలిపి ఎఫ్‌బీఐ పాత ఏళ్ల సంఖ్యలను కూడా సవరిస్తుంటుంది. ఆరు నెలల తర్వాత అదే ఊరు, అదే ఏడాది చూస్తే వేరే అంకె కనిపించి, తప్పు మీదేమో అనుకుంటారు. కొత్త ఏడాది లెక్కలు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో వస్తాయి. మేలో సీటొచ్చినవాళ్లు చూసేది ఎప్పుడూ ఏడాదిన్నర పాతదే కాబట్టి, అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆ నగర పోలీసు సైట్‌లో ఈ ఏడాది ఇప్పటిదాకా ఎన్ని అని ఒకసారి చూసుకోండి. అప్పుడు పోల్చాల్సింది కిందటేడు మొత్తంతో కాదు, కిందటేడు అదే తేదీ వరకు ఉన్న లెక్కతో.